సెమీఫైనల్‌లో చివరి గోల్

అమెరికాలోని బాతెల్‌లో మా ఆడవాళ్ళ ఐస్ హాకీ జట్టులో అందరం నలభై దాటినవాళ్ళమే. ఆఫీసులయ్యాక సరదాకి ఆడుకునేవాళ్ళం. ఆ ఏడాది జాతీయ పోటీల్లో సెమీఫైనల్ దాకా వచ్చాం. నేను గోల్‌కీపర్ని. నాకు బదులు ఆడాల్సిన ఆవిడకు మొదటి మ్యాచ్‌లోనే మోకాలు బెణకడంతో అన్నీ నేనే ఆడాను.

సెమీఫైనల్లో స్కోరు సమమై అదనపు సమయం ఇచ్చారు; అందులో ముందు గోల్ కొట్టినవాళ్ళదే గెలుపు. తడిసిన ప్యాడ్లు కాళ్ళకు బండల్లా వేలాడుతున్నాయి. ఎడమవైపు నుంచి పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, దూసుకురావడం చూశాను. కాలు చాపాలని తెలుసు, కానీ కాలు కదల్లేదు.

అవతలి జట్టు కేరింతలు కొడుతుంటే నేను మంచు మీదే కూలబడ్డాను. ఏడుపొస్తుందనుకున్నాను. ఇక లేచి ఆడక్కర్లేదన్న ఊరట తప్ప ఇంకేమీ కలగలేదు.

ఇండియా నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తగారు బయట బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చున్నారు. వెళ్ళి పక్కన చతికిలబడ్డాను.

"ఓడిపోయాం అత్తయ్యా."

"చూశానమ్మా. కాళ్ళిలా పెట్టు," అంటూ ఆవిడే వంగి ప్యాడ్ల పట్టీలు విప్పసాగారు. "వచ్చే ఏడు కూడా ఆడతావా?"

"ఏమో, ఇప్పుడేం డిసైడ్ చేయలేను."

ఆవిడ రెండో కాలి పట్టీలు విప్పేలోగా నేను గోడకానుకుని నిద్రపోయాను.