చుట్టాలు లేని ఊరికి రైలు

మా అత్తమ్మ పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం చనిపోయింది. ఆ సమయానికి నేను మాదాపూర్‌లోని మా ఆఫీసులో ఉన్నాను. సాఫ్ట్‌వేర్ రిలీజు పని నడుస్తోంది, ఆరుగురం ఒకే స్క్రీను వంక చూస్తూ కూర్చున్నాం. మా ఆయన ఫోన్ చేస్తే రెండుసార్లు కట్ చేసి, మూడోసారి ఎత్తాను. విషయం చెప్పాడు. "రేపు సోమవారం కదా, రేపు డయాలసిస్ ఉంది కదా" అన్నాను నేను. క్యాలెండర్‌లో ఒక పని రాసి ఉంటే అది జరిగేదాకా మనిషి ఉండి తీరాలన్నట్టు మాట్లాడాను. అవతల ఆయన ఫోన్ పట్టుకుని ఏడ్చాడు.

మాది భీమవరం వైపు. ఇష్టపడి పెళ్ళి చేసుకుని ఖాజాగూడలో కాపురానికొచ్చిన రోజున "అత్తయ్యగారండీ" అని పిలిస్తే ఇంటిల్లిపాదీ నవ్వారు. "గార్లు, అండీలు నాకొద్దు బిడ్డా, నేనేమన్న ఆఫీసర్నా? అత్తమ్మా అను, నువ్వు అను" అంది ఆమె. అత్తమ్మా అనడం తొందరగానే వచ్చింది. నువ్వు అనడానికి మాత్రం ఏడాది పట్టింది. ఇప్పుడు మీకు ఆమె గురించి రాస్తూ కూడా "చనిపోయారు" అని రాసి, కొట్టేసి, "చనిపోయింది" అని దిద్దాను. అలా రాస్తేనే ఆమెకు నచ్చుతుంది.

మా ఇంటి పై రెండు అంతస్తులు సాఫ్ట్‌వేర్ పిల్లలకు కిరాయికి ఇచ్చాం. శుక్రవారం సాయంత్రమైతే వాళ్ళు వీపున బ్యాగులు తగిలించుకుని మెట్లు దిగి వెళ్ళిపోతారు, ఆదివారం ఎండకు కమిలిన మొహాలతో తిరిగొస్తారు. మొదట్లో అత్తమ్మ గుమ్మంలో కూర్చుని ప్రతివారం అడిగేది, ఎవరి పెళ్ళి అని. పెళ్ళి కాదు ఆంటీ అంటే, అయ్యో, ఎవరు పోయారు అనేది. ఎవరూ పోలేదు, ఊరికే చూసొద్దామని వెళ్తున్నాం అని వాళ్ళు చెబితే ఆమెకు నమ్మకం కుదిరేది కాదు. ఒకసారి లోపలికి వచ్చి నన్ను గట్టిగా నిలదీసింది. "ఊరికెనే పోతరా? పని లేకుంట, చావు లేకుంట, మొక్కు లేకుంట?" పోతారు అత్తమ్మా అన్నాను. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరవై రెండేళ్ళలో తాను ఎన్ని ఊళ్ళకు వెళ్ళిందో లెక్క చెప్పింది. అన్నిటికీ ఒక కారణం ఉంది. పెళ్ళి, పురుడు, చావు, జాతర, దవాఖాన. చూడ్డానికని ఒక్క ఊరికి కూడా పోలేదు. "చూసుడు గూడ ఒక పనే గదా బిడ్డా" అంది చివరికి, తనకు తాను నచ్చజెప్పుకుంటున్నట్టు. ఆ తర్వాత ఆ మాట తరచూ అనేది. బాల్కనీలో ఊరికే నిలబడ్డ నన్ను ఎవరైనా పనికి పిలిస్తే, "ఆగుండ్రి, పిల్ల చూస్తున్నది" అని ఆపేది.

కిడ్నీలు దెబ్బతిన్నాక వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్రవారాల్లో, లింగంపల్లి వైపు ఒక సెంటర్‌కు తీసుకెళ్ళేవాళ్ళం. నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. రోజుకు ఒక బాటిల్ నీళ్ళే తాగాలి. అత్తమ్మ ఫ్రిజ్‌లో నీళ్ళను చిన్న ముక్కలుగా గడ్డకట్టించి, గంటకో ముక్క నోట్లో వేసుకునేది. అది కరుగుతున్నంతసేపూ ఎవరైనా పలకరిస్తే చేయి అడ్డం పెట్టేది. టమాట వద్దు, అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు. వాటన్నిటికంటే ఆమెను విసిగించింది పలకరింపు. వచ్చినవాళ్ళంతా సూదులు గుచ్చిన చేతిని పట్టుకుని చూసి, ఎలా ఉన్నావు, నొప్పి పెడుతుందా, ఎన్నాళ్ళు చేయించాలి అని అడిగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక ఆమె గోడవైపు తిరిగి పడుకునేది.

ఆ సెంటర్ కిటికీలోంచి రైళ్ళు కనిపిస్తాయి. ఒకరోజు మిషన్ మీద ఉండగానే, అటు పోయే బండి ఎక్కడికి పోతుందని అక్కడి నర్సును అడిగిందట. వికారాబాద్, తాండూరు అని చెప్పిందట ఆ అమ్మాయి. ఆ సాయంత్రం నాతో అంది. "గా రైలెక్కి పోదాం బిడ్డా. మనకు ఎవ్వలు లేని కాడ దిగుదాం. నన్ను ఎట్లున్నవని ఎవ్వలు అడుగొద్దు." మా ఆయన కారులో తీసుకెళ్తానన్నాడు. కారులో పోతే ముందు కారు వెనక భాగమే కనిపిస్తుందని కొట్టిపారేసింది.

నా ఉద్యోగమే ప్లాన్లు వేయడం. కూర్చుని షీటు తయారుచేశాను. మాకు దొరికే సమయం చాలా తక్కువ. శుక్రవారం మిషన్ మీదనుంచి దిగాక ఆ రాత్రి నిద్రపోతే శనివారం ఆమెకు ఒళ్ళు తేలిగ్గా ఉండేది. ఆదివారానికి మళ్ళీ నీరు చేరి ఆయాసం మొదలయ్యేది. అంటే వారంలో మిగిలింది ఒక్క శనివారం, అందులోనూ చీకటి పడేలోగా ఇంటికి చేరాలి. పొద్దున్నే లింగంపల్లిలో ప్యాసింజరు, వికారాబాద్‌లో దిగి ఆటోలో అనంతగిరి కొండకు, పైన చెట్ల కింద రెండు గంటలు, మధ్యాహ్నం బండికి వాపసు. మందులు, నీళ్ళ బాటిల్, ఉప్పు తగ్గించి చేసిన అటుకుల ఉప్మా, దగ్గర్లోని దవాఖాన దారి, అన్నీ ఒక్కో గడిలో రాసుకున్నాను. రాయడంలో నాకు సాటి లేదు. వెళ్ళడం దగ్గరే వచ్చింది చిక్కంతా. రెండు శనివారాలు నా రిలీజులు మింగేశాయి. ఒకటి ఆమె బీపీ పడిపోవడంతో చేజారింది. ఇంకోటి నేను బద్ధకించి పోగొట్టాను. ఆ మాట అప్పుడు ఆమెకు చెప్పలేదు, తలనొప్పి అన్నాను.

చివరికి వానలు తగ్గాక ఒక శనివారం కుదిరింది. మా ఆయన పనిమీద బెంగళూరులో ఉన్నాడు. అత్తమ్మా నేనూ ఇద్దరమే. ముందురోజు సాయంత్రం నాకు భయం పట్టుకుంది. కొండమీద కళ్ళు తిరిగి పడిపోతే? తెలియని ఊళ్ళో నేనొక్కదాన్నే ఏం చేస్తాను? వికారాబాద్‌లో అత్తమ్మకు ఆడబిడ్డ ఉందని నాకు తెలుసు. ఆమెకు ఫోన్ చేశాను. మేం మీ ఇంటికి రావడం లేదు పిన్నీ, ఊరికే కొండ చూసి వెళ్ళిపోతాం, ఏదైనా అవసరమైతే ఫోన్ చేస్తానంతే, ఎవరికీ చెప్పకండి అన్నాను. అట్లనే బిడ్డా అంది. నా షీటులో అడుగున ఒక గడి చేర్చి ఆమె నంబరు రాసుకుని, హాయిగా నిద్రపోయాను.

ఇంత చదువుకుని, పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో బతుకుతూ, సొంత వదిన ఊరికి వస్తోందని తెలిశాక ఆ మనిషి ఇంట్లో కూర్చుంటుందని ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

మేం దిగేసరికి ప్లాట్‌ఫాం మీద ఆమె, ఆమె కొడుకు, తోటికోడలు, బయట ఆటో. అత్తమ్మను చూడగానే ఆడబిడ్డ పట్టుకుని భోరుమంది. "ఎట్లున్న దానివి ఎట్లైతివి వదినా" అంది. నీ కోడలు ఫోన్ చేసి మంచిపని చేసింది, లేకపోతే మా గుమ్మం తొక్కకుండా పోదువు అని కూడా అంది. అత్తమ్మ నావైపు ఒక్కసారి చూసింది. కోపంగా కాదు. పరీక్షలో తప్పిన పిల్లను చూసినట్టు చూసింది.

ఇంటికి వెళ్ళాక కోడిని కోశారు. టమాట చారు పెట్టారు. ఆమె తినగలిగింది పిడికెడు అన్నం. వాడకట్టులోని ఆడవాళ్ళంతా వరుసగా వచ్చి చేతిమీది సూది గుర్తులు చూసి, ఎలా ఉందని అడిగారు. అత్తమ్మ మంచంమీద కూర్చుని ఒక్కొక్కరికీ ఓపిగ్గా మొదటినుంచీ చెప్పింది. నాకు ఆడబిడ్డమీద కోపం రాలేదు, ఆవిడ ప్రేమ ఆవిడది. వెళ్ళేముందు బొట్టు పెట్టి చీర ఇవ్వాలంది. ఆ చీర ఇంకా బజారునుంచి రావాలి. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. చీర వచ్చేసరికి మా బండికి ఇంకా గంటన్నర ఉంది. పరుగు మీద పోతే కొండ ఎక్కి, పది నిమిషాలు నిలబడి రావచ్చు. వెళ్దామా అని మెల్లగా అడిగాను. "కాళ్ళు గుంజుతున్నయి బిడ్డా. ఇంటికే పోదాం పా" అంది.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. ఆ మాట వినగానే నాకు ప్రాణం కుదుటపడింది. ఏ ప్రమాదమూ జరగలేదు, బండి తప్పిపోలేదు, మందుల వేళ దాటలేదు. తిరుగు ప్రయాణానికి ప్లాట్‌ఫాం మీద కూర్చుని మా ఆయనకు "ట్రిప్ బాగా జరిగింది" అని మెసేజ్ కూడా పెట్టాను. అత్తమ్మ కొత్త చీర ఒళ్ళో పెట్టుకుని పట్టాల వంక చూస్తోంది. నేను తప్పు చేశాను అత్తమ్మా అన్నాను. "భయమైతే ఎవలనన్న పిలుస్తం. నేను గూడ పిలుస్తుంటి. గంతే" అంది. ఇంకో శనివారం మళ్ళీ వద్దాం, ఈసారి ఎవరికీ చెప్పను అన్నాను. తల ఊపింది. ఆ తర్వాత ఆమెకు అయిదో ఆరో శనివారాలు మిగిలాయి. అందులో ఒక్కటీ నేను ఇవ్వలేదు.

దశదినకర్మ రోజున ఒక పెద్దాయన వచ్చారు. మియాపూర్‌లో ఉంటారట, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారట. సెంటర్‌లో అత్తమ్మకు పక్క బెడ్. ఆయన మెల్లగా నడిచొచ్చి నా దగ్గర కుర్చీలో కూర్చుని, "మీరేనా అమ్మా కోడలుగారు? ఆవిణ్ణి కొండమీదకి తీసుకెళ్ళింది మీరేగా?" అని అడిగారు.

నేను జవాబు చెప్పేలోగా ఆయనే చెప్పుకుపోయారు. ఆ సోమవారం మిషన్ పెట్టిన దగ్గరనుంచీ అత్తమ్మ కొండ సంగతే చెప్పిందట. బుధవారమూ అదే, శుక్రవారమూ అదే. పైన ఒక బండమీద నేనూ ఆమే కూర్చున్నామట. కింద లోయలోంచి గాలి వస్తుంటే ముందు చెట్ల చప్పుడు వినపడి, ఆ తర్వాత చెంపకు తగిలేదట. ఎవరో కాలేజీ పిల్లలు కాల్చిన మక్కబుట్ట ఇస్తే రెండు గింజలు నోట్లో వేసుకుందట. ఎవరూ ఏమీ అడగలేదట. "నా కోడలు నిమిషం తప్పకుంట తీస్కపోయి, నిమిషం తప్పకుంట తీస్కొచ్చింది" అని నర్సులందరికీ చెప్పిందట. "వింటూంటే మాకే చల్లగా అనిపించేదండి" అన్నారు మాస్టారు.

లేదండీ, మేం అక్కడికి వెళ్ళనేలేదు అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కానీ అది ఆమె ఒక్కతే కూర్చుని కట్టిన కొండ, అందులో నాకూ పక్కన చోటిచ్చింది. నేను దాన్ని కూల్చలేకపోయాను. అవునండీ, గాలి బాగా వచ్చింది అన్నాను.

ఆయన వచ్చిన పని అప్పుడు చెప్పారు. ఆయనకూ శనివారమే కుదురుతుందట. మా ఆవిడా నేనూ వెళ్దామనుకుంటున్నామండి, మీ దగ్గర టైములన్నీ రాసిన కాగితం ఉందటగా అన్నారు. ఫోన్‌లో షీటు తెరిచాను. ఆడబిడ్డ నంబరున్న అడుగు గడి తీసేసి ఆయనకు పంపాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివి, అక్కడ మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరండి అన్నాను. మంచిదే అన్నట్టు తలాడించి, లేవబోతూ, "ఏ పక్క కిటికీ దగ్గర కూర్చుంటే బాగుంటుందమ్మా?" అన్నారు.

ఆ ప్రయాణం గురించి నేను నిజంగా చెప్పగలిగింది అదొక్కటే. ఎడమ పక్కండి అన్నాను. ఆ శనివారం వెళ్ళేటప్పుడు శంకర్‌పల్లి దాటాక మా బండి కాసేపు నెమ్మదించింది. రెండువైపులా పత్తి చేలు, కంది చేలు. కట్టకు దగ్గరగా ఒకామె నెత్తిన గడ్డిమోపుతో ఆగి రైలు వంక చూస్తోంది. అత్తమ్మ కిటికీ ఊచల మధ్యనుంచి చేయి బయటపెట్టి ఊపింది. ఆమె మోపును ఒక చేత్తో పట్టుకుని రెండో చేయి ఎత్తింది. ఎవరు అత్తమ్మా, తెలిసినవాళ్ళా అని అడిగాను. "కాదు బిడ్డా" అంది, బండి మలుపు తిరిగి ఆ మనిషి కనిపించకుండా పోయేదాకా చేయి ఊపుతూనే.