పరీ గీసిన బడి

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఇరాన్ మతవిప్లవం నడుమ పెరిగిన ఒకావిడ తన బాల్యాన్ని బొమ్మల్లో చెప్పుకున్న పుస్తకం దొరికింది. అందులో నల్ల ముసుగుల బడిపిల్లలను చూడగానే పరీ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు పరీ వాళ్లు ఇరాన్ నుంచి వచ్చి, నాంపల్లిలో మా ఇంటి పైగదిలో కిరాయికి ఉండేవారు. నాలాగే దానికీ ఎనిమిదేళ్లు. ఒక మధ్యాహ్నం మా మెట్ల మీద కూర్చుని వాళ్ల పాత బడిని గీసింది. ఒక్కో పిల్ల ముసుగునూ నల్లగా నింపుతోంది. పాపం, రంగుల్లేవు కాబోలనుకుని, ఇంకా నింపని రెండు ముసుగులకు నేనే నా క్రేయాన్లతో ఎరుపు, పసుపు వేశాను.

పరీ కాగితం లాక్కుంది. "గట్ల వెయ్యొద్దు. మేడమ్ చూస్తే అమ్మను తిడతది," అంది, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో.

"మీ మేడమ్ గీడికెట్ల వస్తది?" అన్నాను.

పరీ గేటు వైపే చూస్తోంది. పైనుంచి దిగివచ్చిన వాళ్లమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. వెళ్లి గేటుకు గడియ పెట్టి వచ్చి, పరీ పక్కన కూర్చుంది. అప్పుడు పరీ నీలం క్రేయాన్ తీసుకుంది.

పట్టపగలు ఆవిడ గేటెందుకు వేసిందో, అంత దూరం వచ్చినా పరీకి ఆ భయం ఎందుకు పోలేదో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. ఆ రోజు మాత్రం, నా నీలం సగం అరగదీసిందని కోపమొచ్చింది.