నాడి పుస్తకం

మొన్న మా బిడ్డ నా చేతికి ఒక నల్ల గడియారం కట్టింది. టైము చెప్పడం దానికి చిల్లర పని, అసలు పని మన గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూపించడమట. తొమ్మిదో తరగతి సగంలో బడికి దండం పెట్టిన నాకు అంత సైన్సు ఒంటికి పడలేదు. మర్నాడే దాన్ని తలకిందులుగా కట్టుకొని, తొంభై ఒకటిని పదహారని చదువుకొని, చెమటలు పట్టి, నేను ఉన్నానో పోయానో జర చూసి చెప్పమని మా ఇంటిదాన్ని పిలిచాను. ఆమె బియ్యం ఏరుతున్న చాట మీది నుంచి చూపు కూడా తిప్పకుండా, "నోరు నడుస్తాంది గద, ఉన్నట్టే" అంది. నోరు నడవడమే నా బతుకు. ఆటోకు మైకు కట్టుకొని కాశిబుగ్గ నుంచి సుబేదారి దాకా చీరల సేళ్లు, కొత్త దవాఖానలు, తప్పిపోయిన మేకలు అన్నీ నేనే చెబుతాను.

గడియారం సరిగ్గా కట్టుకోవడం వచ్చాక, ఒక సాయంత్రం అరుగు మీద ఊరికే కూర్చుంటే అందులో డెబ్బై రెండు అని పడింది. ఆ అంకెను ఒకప్పుడు నా చేత్తో నేను రోజూ రాశాను, ఒక్కసారి కూడా లెక్క పెట్టకుండా.

మా బడి కాశిబుగ్గ చివర, మగ్గాల ఇళ్లు అయిపోయి ఖాళీ జాగ మొదలయ్యే చోట ఉండేది. జంపఖానాలు నేసేవాళ్లు రంగులద్దిన నూలు తడి తడిగా దారి పొడవునా తీగల మీద ఆరేస్తే, వాటి కింద నుంచి వంగి పోయే మాకు నెత్తి మీద ఎర్ర చుక్కలు, అంగీ మీద నీలం చుక్కలు పడి, ప్రార్థనలో నిలబడితే ఎవరు ఏ గల్లీ నుంచి వచ్చారో రంగును బట్టి తెలిసిపోయేది. వానాకాలం గ్రౌండంతా బురదై చెప్పులు చేతిలో పట్టుకొని నడిచేవాళ్లం, బతుకమ్మ సెలవులయ్యాక ప్రతి పిల్లాడి నిక్కరు జేబులోనూ సత్తుపిండి మిగులు ఉండి లెక్కల క్లాసులో కూడా బెల్లం వాసన వచ్చేది, చలికాలం పొద్దున మగ్గాల టకటకలు మంచులోంచి దగ్గరగా వినిపించేవి. నా పక్కన కూర్చునే కొమురెల్లి వాళ్ల నాయనది కూడా మగ్గమే. కొమురెల్లి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చిర్రగోనె ఆడితే ఎగిరిన కర్రముక్క ఎంత దూరం పడ్డా అది నేల మీద ఆగకముందే అక్కడ ఉండేవాడు.

బడిలో ఒకే ఒక్క చెక్క బీరువా. పై అరలో సైన్సు: రెండు గాజు బీకర్లు, ఒక అయస్కాంతం, ఎన్నేళ్ల కిందటిదో తెల్లగా ఉబ్బిపోయిన కప్ప ఉన్న సీసా. కింది అరలో ఆటలు: గాలి లేని వాలీబాలు, తుప్పు పట్టిన ఇనుప గుండు, చినిగిన నెట్టు. ఆఫీసరు తనిఖీకి వచ్చే రోజు మాత్రమే ఆ బీరువా తెరిచి తుడిచి, ఆయన జీపు మలుపు తిరగగానే మళ్లీ తాళం వేసేవాళ్లు. సైన్సు సారు బదిలీ మీద పోయాక ఆ ఖాళీలో ఎవరూ రాలేదు. మేము ఎనిమిదో తరగతికి వచ్చాక హెడ్‌మాస్టరు విసిగిపోయి, బీరువా తాళంచెవి ఎలాగూ డ్రిల్లు సారు దగ్గరే ఉంది కాబట్టి సైన్సు కూడా ఆయన్నే చెప్పుకొమ్మన్నాడు. డ్రిల్లు సారు పేరు రాజమల్లు. మెడలో విజిలు, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు, జేబులో ఎప్పుడూ సుద్ద ముక్క.

ఆయన మొదటి రోజే పుస్తకం మూసేసి మమ్మల్ని గ్రౌండులోకి తోలుకుపోయాడు. తాడుగుంజే ఆట ఆడించి బలమంటే ఏందో చెప్పాడు, అరచేతులకు సుద్దపొడి రుద్దించి మళ్లీ గుంజించి రాపిడి అంటే ఏందో చెప్పాడు, కబడ్డీలో నడుము వంచినవాణ్ని ఎందుకు పడగొట్టలేరో ఒకసారి వంచి, ఒకసారి నిటారుగా నిలబెట్టి, తోసి చూపించాడు. ఖోఖో గీతలకు తెచ్చిన సున్నంలో మిగిలినదాన్ని బీకరులో నానబెట్టి, పైకి తేరిన తేటలోకి బొప్పాయి ఆకు గొట్టంతో ఊదమంటే, మా ఊపిరికి ఆ నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. గీతల సున్నానికి, మా రొమ్ములోని గాలికి ఏదో చుట్టరికం ఉందని ఆ రోజు తెలిసి నేను కొంచెం సేపు మాట్లాడలేదు. అది సారు కూడా గమనించి, "రేడియో బందయింది, ఇయ్యాల సైన్సు గెలిచింది" అన్నాడు. ఆయన నన్ను రేడియో అనే పిలిచేవాడు.

నాడి పుస్తకం ఆయన పెట్టిన పద్ధతే. పొడుగు నోటుబుక్కులో గళ్లు గీసి, ఇద్దరిద్దరిని జతలు చేసి, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకొని నిమిషంపాటు లెక్కపెట్టి రాయమన్నాడు: ఉరకక ముందు ఎంత, ఉరికినంక ఎంత, ఐదు నిమిషాలు కూర్చున్నంక ఎంత. "ఐదు నిమిషాలైనా దిగకుంటే, కొట్టుకునుడు తప్పుతున్నట్టుంటే, నాకు చెప్పాలె. వాన్ని ఉరికియ్య, దవాఖానకు తోల్కపోత. నాకు ముప్పైమంది చేతులు వట్టుకునే తీరిక లేదు, మీరే నా చేతులు" అన్నాడు. నా జత కొమురెల్లి.

రెండు రోజులు బుద్ధిగా పట్టుకున్నాను. కానీ ఒక నిమిషం నోరు మూసుకొని కూర్చోవడం నాకు గ్రౌండు చుట్టూ పది చుట్లు ఉరకడం కంటే కష్టం. మూడో రోజు నుంచి కొమురెల్లి చెయ్యి ఊరికే పట్టుకొని, లెక్కల సారు నడక, హెడ్‌మాస్టరు దగ్గు చేసి చూపించి చుట్టూ ఉన్నవాళ్లను నవ్వించి, విజిలు మోగగానే మూడు గళ్లలో డెబ్బై రెండు, నూట ముప్పై, ఎనభై అని రాసేవాణ్ని. డెబ్బై రెండు మా సైన్సు పుస్తకంలో ఉన్న అంకె; అచ్చులో ఉన్నది తప్పెందుకవుతుంది అనుకున్నాను. సారు సాయంత్రం పుస్తకాలన్నీ ఒక దొంతిగా పెట్టుకొని సంతకాలు పెట్టేవాడు.

ఒకరోజు ఉరికి వచ్చి కూర్చున్నాక కొమురెల్లి రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని, "అరేయ్, లోపల మగ్గం నడుస్తాందిరా, ఆగుతలేదు" అన్నాడు. చుట్టూ జనం ఉన్నారు, నాకు అంతకంటే ఏం కావాలి. "మీ నాయిన మగ్గం కనవడ్తలేదంటే మింగింది నువ్వేనా" అన్నాను. అందరూ నవ్వారు, కొమురెల్లి కూడా నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. నేను మూడో గడిలో ఎనభై రాశాను.

చలికాలంలో జిల్లా పోటీలకు పిల్లల్ని ఎంపిక చేసే ఉరుకు మా గ్రౌండులోనే పెట్టారు. కొత్త సున్నంతో గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. కొమురెల్లి రెండు చుట్లు అందరికంటే ముందున్నాడు; మూడో చుట్టులో మలుపు దగ్గర ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు ఆగి, మోకాళ్ల మీద పడి, తరువాత మొహం మీద పడ్డాడు. వెల్లకిలా తిప్పితే మొహమంతా సున్నం, పెదాలు మాత్రం నీలం రంగు నూలులా ఉన్నాయి. డ్రిల్లు సారు వాణ్ని భుజాన వేసుకొని రోడ్డు దాకా ఉరికాడు. ఆయన ఉరకడం మేం చూడటం అదే మొదటిసారి.

కొమురెల్లి బతికాడు. చిన్నప్పుడెప్పుడో గొంతునొప్పితో వచ్చిన జ్వరం గుండెలో రక్తం దారిని తెరిచి మూసే ఒక తలుపును పాడు చేసిందని, ఇక జన్మలో ఉరకకూడదని పెద్ద దవాఖానలో చెప్పారు. వారం తిరగకుండా ఆఫీసరు వచ్చాడు. సైన్సు పీరియడులో పిల్లల్ని గ్రౌండులో ఎందుకు ఉరికిస్తున్నావని మా క్లాసు ముందే సారును అడిగాడు. సారు నాడి పుస్తకాల దొంతి తెచ్చి, కొమురెల్లిది తీసి, రోజూ నాడి పట్టి రాయిస్తున్నా సార్, ఎక్కడా తేడా లేదు అని చేతికిచ్చాడు. ఆఫీసరు ఒక కాగితం తిప్పాడు, ఇంకోటి తిప్పాడు.

"ఏమయ్యా, ఇరవై రోజులు ఒక్కటే లెక్కనా? మనిషి గుండెనా, గోడ గడియారమా? నీడకు కూసొని ఊకెనే రాయించినవ్."

సారు పుస్తకం తీసుకొని చూశాడు. అప్పుడే మొదటిసారి నిజంగా చూశాడనుకుంటాను. అది ఎవరి రాతో ఆయనకు తెలుసు, క్లాసులో అందరికీ తెలుసు. ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు, ఇప్పుడైనా మాట్లాడతాడేమో అన్నట్టు చూశాడు. బడి మొత్తంలో నోరు ఆగనివాణ్ని నేను. ఆ రోజు నా నోట్లో నాలుక ఉన్నట్టే అనిపించలేదు.

"సంతకం నాదే సార్. చూడకుంట పెట్టిన" అన్నాడు సారు.

ఆయన్ను ఎక్కడో అడవి అంచు ఊరికి బదిలీ చేశారు. బీరువాకు తాళం పడింది. తరువాత హెడ్‌మాస్టరు గైడు చూసి సైన్సు చదివి వినిపించేవాడు. అయస్కాంతం ఇనుమును ఆకర్షించును అని మేం రాసుకునేవాళ్లం, అయస్కాంతం ఉన్న బీరువా మాకు రెండు గజాల దూరంలోనే ఉండేది. డ్రిల్లు పీరియడులో అందరూ ఆడుతుంటే వాళ్ల చెప్పులకు కొమురెల్లి కాపలా కూర్చునేవాడు. నేను వాడి పక్క నుంచి లేచి చివరి బెంచీకి పోయాను, తొమ్మిదో తరగతి సగంలో అక్కణ్ణుంచి కూడా లేచి బయటికి పోయాను. ఎందుకు మానేశావని అడిగినవాళ్లందరికీ లెక్కలు రాలేదని చెబుతూ వచ్చాను. అది అబద్ధమని చెప్పలేను.

ఇప్పుడు ఆ గ్రౌండు లేదు. గీతలు గీసిన చోట మూడంతస్తుల గదులు లేచాయి, ఆటల పీరియడులో మార్కులు తక్కువొచ్చినవాళ్లకు పాఠాలు చెబుతారట, సైన్సు గోడ మీద తెరలో వస్తుందట. దారిలో రంగుల నూలు లేదు, పిల్లల నెత్తి మీద చుక్కలు లేవు. రాజమల్లు సారు రిటైరై ధర్మసాగర్‌లో ఇల్లు కట్టుకున్నాడని విని, ఒకసారి ఆటో అటు తిప్పాను. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, కాళ్లకు అవే తెల్ల బూట్లు. నేను మైకులో చీరల సేలు చెప్పుకుంటూ ఆయన ముందు నుంచే పోయాను, ఆపలేదు. మరుసటి వానాకాలం ఆయన పోయాడు.

కొమురెల్లికి పెద్దయ్యాక గుండెలో లోహపు తలుపు వేశారు. కాశిబుగ్గలో చిన్న దుప్పట్ల దుకాణం పెట్టుకున్నాడు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు, ఫ్యాను బందు చేస్తే, వాడి రొమ్ములోంచి టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. ఇన్నేళ్లూ నేను పోవడం, రెండు జోకులు చెప్పి ఆ చప్పుడు వినపడకుండా చేసి రావడం. మొన్న గడియారంలో ఆ అంకె చూసిన మర్నాడు పోయాను. చాయ్ తాగుతూ, ఆ రోజు నేను లెక్కపెట్టి ఉంటే నీకు గిట్ల కాకపోవునేమో, సారుకు గూడ కాకపోవు అన్నాను. అన్నాక భయమేసి, ఇప్పుడు చూడు, గడియారమే లెక్కపెడుతుంది, నా పని తప్పింది అని చెయ్యి ఎత్తి నవ్వబోయాను.

కొమురెల్లి నవ్వలేదు. లేచి ఫ్యాను బందు చేసి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అప్పుడంటే చెయ్యి వట్టుకోవాల్సి వచ్చె, నీకు కష్టమాయె. ఇప్పుడు బయటికే ఇనవడ్తాంది గదరా. ఆ గడియారం తీసి పక్కకు వెట్టు. ఒక్క నిమిషం నోరు మూస్కొని లెక్కవెట్టు."