గీటురాయికి అందని కణం

క్యాన్సర్ కణాలను గాజు పళ్లేల్లో పెంచడం నా చదువు. మూడు రోజులకోసారి వాటికి ఆహారం మార్చాలి. గొర్రెలు మేపేవాడికైనా సాయంత్రానికి మంద ఇల్లు చేరిందన్న తృప్తి ఉంటుంది. నా మంద పళ్లెం దాటి ఎక్కడికీ పోదు, అయినా నాకు నిద్ర పట్టదు.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ప్రొద్దుటూరులో బంగారు పని చేస్తాడు. ఆయన బుగ్గ లోపల గడ్డ లేచింది. కోసి తీసేస్తే మళ్లీ వచ్చింది. డాక్టర్లు ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారు. మూడు వారాలకోసారి డ్రిప్పు. రెండు అయ్యాయి, మూడోది సోమవారం కడపలో. నేను శుక్రవారం ఊరికి వచ్చాను. సోమవారం దాకా నోరు మూసుకుని అన్నం తిని ఉంటే సరిపోయేది.

శనివారం పొద్దున పనిలో కూర్చున్న మామ తలెత్తి అడిగాడు.

“ఏందిరా అల్లుడా, నువ్వు చదివేది నా రోగం గురించేనంట కదా. ఈ మందు లోపల ఏం చేస్తాదో చెప్పు.”

ఒంట్లో కాపలా కణాలుంటాయని, గడ్డ కణాలు ‘మేమూ మనోళ్లమే’ అని ఒక ప్రొటీనును బోర్డులా పైన తగిలించుకుంటాయని, దాన్ని చూసి కాపలా కణాలు వెనక్కి తగ్గుతాయని, మందు వచ్చి ఆ బోర్డును మూసేస్తుందని చెప్పాను. మామ తల ఊపాడు. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆపుతాడు.

“అసలు సంగతి అది కాదు మామా. ఆ ప్రొటీను కణం లోపల కూడా ఉంటాది. గడ్డకు విత్తనాల్లాంటి మూలకణాలు ఉంటాయి గదా, లోపలుండేది వాటికి బలమిస్తాది. అవి నాలుగు మిగిలినా గడ్డ మళ్లీ మొలుస్తాది. మందు పైన ఉండేదాన్నే పట్టుకుంటాది, లోపలికి పోదు. మేం చూస్తాండేది దాన్నే.”

మామ చేతిలోని ఉంగరాన్ని పక్కన పెట్టాడు.

“గీటురాయి మీద గీసినా అంతేరా. పైన ఉండేదే తెలుస్తాది. అనుమానముంటే కత్తిరించి చూస్తాం. లోపల రాగి కనపడినాక ఇంక దానికి మెరుగు పెట్టం.”

పోలిక చాలా బాగుందని మెచ్చుకున్నాను. ఫోన్లో రాసుకున్నాను కూడా.

ఆదివారం అత్త నన్ను తట్టి లేపింది.

“మీ మామ రేపు ఆసుపత్రికి రాడంట. మెరుగు పెట్టేది వద్దంట! ఏం చెప్పినావురా ఆయప్పకు? ఫోను ఈడనే పెట్టి, గీటురాయి ఎత్తుకొని యాడికో పోయినాడు.”

వాళ్ల ఇంట్లో ఆ రాయిని అమ్మరు. పని మానేసే రోజున ఇంకో పనివాడి చేతిలో పెడతారు. మా తాత అలాగే మామకు ఇచ్చాడు. ఆ మాట చెప్పి అత్త ఏడుపు మొదలుపెట్టింది. నేను చెప్పులు వేసుకున్నాను. కుడిది నాది, ఎడమది మామది. ఆ సంగతి జమ్మలమడుగులో దిగాక తెలిసింది.

అక్కడ మా పెద్దమ్మ ఉంది. మామకు పెద్దక్క, ఏం జరిగినా ఆయన ముందు పోయేది ఆమె దగ్గరికే.

“వచ్చినాడు, మూడు దోశలు తిన్నాడు, పులివెందులకు పోయినాడు. ఏమైందిరా?”

మూడు దోశలని వినగానే కొంచెం ధైర్యం వచ్చింది. పులివెందులలో మామతో పాటు పని నేర్చుకున్న సాయిబు ఒకాయన కొట్టు పెట్టుకున్నాడు. రాయి అక్కడికే పోతోంది. ముద్దనూరులో బస్సు ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. కదలని బస్సులో అటూ ఇటూ నడిచాను, అలా నడిస్తే బస్సు తొందరగా బయల్దేరుతుందన్నట్టు.

నేను వెళ్లేసరికి రాయి ఇద్దరి మధ్యా గల్లాపెట్టె మీద ఉంది.

“నాకొద్దు పో,” అంటున్నాడు సాయిబు. “నాకు రెండుండాయి. మూడోది ఏం జేసుకోవల్ల, పచ్చడి నూరుకోవల్లనా?” అని నా వైపు తిరిగాడు. “నువ్వేనా సైంటిస్టువి? లోపలుండేది విత్తనాలకు బలమిస్తాదని ఎట్ల తెలిసె?”

“మా ల్యాబులో కణాల్లో చూసినాం మామా.”

“ఈయప్ప కణాలా?”

“కాదు. వేరే మనిషివి. రొమ్ము గడ్డవి.”

“అంటే ఇంకొకరి నగ మీద గీటు గీసి ఈయప్ప నగకు నాణ్యం చెప్పినావు. ప్రొద్దుటూరులో ఈ పని జేసింటే కొట్టు మూయించేటోళ్లు.”

పైగా నాకు ఇంకోటి కూడా తెలుసు. కొన్ని రకాల గడ్డల్లో ఆ లోపలి ప్రొటీను మూలకణాలకు దన్నుగా నిలిస్తే, ఇంకొన్నింట్లో వాటికే అడ్డుపడుతున్నట్టు కనిపించింది. శనివారం ఆ సగం చెప్పలేదు. చెబితే కథ పలచబడుతుందని వదిలేశాను.

మామ అడిగాడు. “నా ముక్కను చూసినోళ్లు ఎవరన్నా ఉండారా?”

“డాక్టర్లు చూసినారు మామా. పైన బోర్డు ఉండాది, మందుకు పట్టు దొరుకుతాదని రిపోర్టులో రాసినారు. లోపల ఏం జరుగుతాందో ఎవరూ చూడలేదు. నాకు తెలీదు.”

“తెలీదా?”

“తెలీదు.”

“తెలీదని చెప్పేదానికి ఇంత చదువు చదవల్లనా? నాలో రాగి ఇంకా ఎవరూ చూడలేదు గదా,” అంటూ రాయిని జేబులో వేసుకుని లేచాడు. “పదరా, రేపు పొద్దున్నే పోవల్ల. ముందు నా ఎడమ చెప్పు నాకిచ్చి, నీది నువ్వు తీసుకో.”

సోమవారం కడపలో నర్సు సూది పెట్టింది. చుక్క పడుతోంది. అది బుగ్గ దాకా పోతుందా, కణం పైనే ఆగుతుందా, విత్తనాలు ఎన్ని మిగులుతాయి? అడగడానికి నోరు తెరిచి మూసుకున్నాను. కిటికీ దాకా పోయాను, వచ్చాను, సీసా చూశాను, మళ్లీ కిటికీ దాకా పోయాను.

మామ కళ్లు మూసుకునే అన్నాడు.

“కూచోరా. మందు ఎక్కతాండేది నాకా, నీకా?”