ఒకే సీసా, రెండు చేతులు

మా పెద్ద కెమిస్టు గారు పోయారని నిన్న కర్నూలు బస్సు కండక్టరు చెప్పాడు. పెద్దదినం కూడా అయిపోయిందట. ఈ ఎండల్లో బయల్దేరి వెళ్లినా ఇంక చూసేదేముంది? ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా అనిపించి కూలబడ్డాను.

రాజధాని కర్నూల్లో ఉన్న రోజుల్లో, కడప నీళ్ల పరీక్ష గదిలో నాకు పని నేర్పింది ఆయనే. టీ తాగబోతూ కూడా గ్లాసును వెలుతురుకెత్తి చూసే మనిషి. పల్లెల నుంచి బావినీళ్లు సీసాల్లో వచ్చేవి. వాటిలో ముందు కాస్త పసుపు రంగు కలిపి, చుక్కచుక్కగా మందు వేస్తూ పోతే ఆ పసుపు కాస్తా ఎరుపు తిరుగుతుంది. ఎంత మందు పడితే అంత ఉప్పున్నట్టు. ఉప్పు హద్దు దాటిందని ఆయన రాస్తే ఆ బావి మూతపడేది.

ఒక వేసవిలో ఆయన మాటిమాటికీ "ఎరుపు తిరిగిందేమప్పా?" అని నన్ను అడగడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ప్రతి సీసా నీళ్లనూ రెండు భాగాలు చేయించారు. ఒకటి ఆయన చూడాలి, ఒకటి నేను చూడాలి. చివరికి ఇద్దరి సగటులూ పక్కపక్కన పెడితే పెద్ద తేడా కనిపించలేదు. ఉప్పు బావులూ మంచినీళ్ల బావులూ అన్నీ కలిసిపోయి ఉన్నాయి మరి. నాకు ప్రాణం కుదుటపడింది. ఆయన ఒప్పుకోలేదు.

"ఈ బాయికీ ఆ బాయికీ పోలికేందప్పా? ఏ సీసా తేడా ఆ సీసాలోనే తీయాల. మన చేతుల్లో తేడా ల్యాదనే మొదలుపెడదాం. లెక్క కాదంటే తేడా ఉండాదని ఒప్పుకుందాం."

అలాగే తీశాం. దాదాపు ప్రతి సీసాలోనూ ఆయనదే కాస్త ఎక్కువ. ఊరికే అలా పడిందనుకోవడానికి లెక్క ఒప్పుకోలేదు. ఉప్పు తూచి కలిపిన నీళ్లతో చూస్తే నా చెయ్యే సరిపోయింది. ఎరుపు ఆయన కంటికి ఆలస్యంగా అందుతోంది, ఈలోగా మందు ఎక్కువ పడిపోతోంది. సీసాలు నేనే సరిగా కడగలేదేమో, మళ్లీ చేద్దామన్నాను. ఆ ఇంట్లో సంపాదించేది ఆయనొక్కరే.

"కండ్లు పోతే పోనీ. రాయచోటి కాడ ఆ పల్లెలో బాయి మూయించినా గదప్పా" అన్నారు.

హద్దుకు కాస్త పైన ఉందని కిందటేడు ఎండాకాలం మొదట్లో మూయించిన బావి అది. నీళ్లు తెప్పించి నేను చూస్తే హద్దులోనే ఉంది. తన కళ్ల సంగతి పైవాళ్లకు తానే చెప్పి, నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు వెళ్లారు. కబురు పంపితే సరిపోయేది. బావి మూత తీయించి, పక్కనే నిలబడి తప్పు తనదేనన్నారు. ఎవరూ తిట్టలేదు. తిట్టే ఓపిక వాళ్లకు లేదు. ఒక ముసలామె మాత్రం అంది: "రెండెండాకాలాలు వంక కాడి నుంచి మోసుకొస్తిమి నాయనా. కడుపుతో ఉన్న కోడలు గూడా మోసె."

 ఆయన చేద వేసి తోడి ఆమె బిందె నింపారు. తర్వాత ఆమె వెనకున్న బిందె. నేను తాడు అందుకోబోతే ఇవ్వలేదు. పొద్దు వాలేదాకా, తడిసిన చొక్కా ఒంటికి అంటుకుపోయినా, కొత్త బిందె వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి తాడు మీదికి పోతూనే ఉంది.