వద్దన్నాం, ఎందుకో చెప్పలేదు

1979 వేసవికి ముందు నన్ను నంద్యాలకు డిప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను పబ్లిక్ హెల్త్ నర్సుని. అంటే వార్డులో మంచాల మధ్య కాకుండా ఊళ్ళ వెంట తిరిగే నర్సుని. ఒక పోషకాహార పరిశోధన బృందం అక్కడ అద్దె భవనంలో దిగింది. జొన్నరొట్టెలో ఉండే ఇనుము తిన్నవాళ్ళ ఒంటికి ఎంతవరకు పడుతుందో తేల్చడం దాని పని. ఎంపికైనవాళ్ళు మూడు వారాలు మా దగ్గరే ఉండాలి, మేం తూచి పెట్టిన రొట్టె, ఆకుకూర మాత్రమే తినాలి, మధ్యమధ్య రక్తం ఇవ్వాలి. పోయిన కూలికి బదులుగా రోజుకింత అని మేం ఇచ్చేవాళ్ళం.

ఈ కబురు గోస్పాడు నుంచి ఆళ్ళగడ్డ దాకా పాకింది. "రొట్టె తినేదానికి దుడ్లిస్తారంట" అని నవ్వుకుంటూ జనం వచ్చారు. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనికి ఎవరో కూలి ఇస్తామంటే ఎవరు మాత్రం మానుకుంటారు? వచ్చినవాళ్ళలో ఎక్కువమందిని వెనక్కి పంపడమే మా అసలు పని అని పాపం వాళ్ళకు తెలియదు.

ఆ వడపోతను స్క్రీనింగ్ అనేవాళ్ళం. బరువు, రక్తం, మలం, ఛాతీ ఎక్స్‌రే చూసేవాళ్ళం. రక్తం మరీ తక్కువైనా, కడుపులో పురుగులున్నా, ఏదైనా మందు వాడుతున్నా వద్దనేవాళ్ళం. గర్భిణులనూ పాలిచ్చే తల్లులనూ తీసుకునేవాళ్ళం కాదు. వీటన్నిటికీ తోడు ఇంకో నియమం ఉండేది: ఒక పొయ్యికి ఒక్కరే. ఇంట్లో ఇన్నాళ్ళూ తిన్న తిండిని బట్టే ఒంట్లో ఇనుము ఉంటుంది కనుక, ఒకే ఇనప పెనం మీద కాలిన రొట్టె తినేవాళ్ళు ఇద్దరుంటే, రెండో మనిషి వల్ల మాకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. అందుకని మా ఫీల్డ్ ఇన్వెస్టిగేటరు ఇళ్ళకు వెళ్ళి, ఎవరెవరు కలిసి తింటున్నారో అడిగి వచ్చేవాడు.

మొదట్లో కాదన్నవాళ్ళకు కారణం చెప్పేవాళ్ళం. నంద్యాలలో ఒక వీధివాళ్ళకు రక్తం తక్కువగా ఉందని అలాగే చెప్పాం. వాళ్ళు నేరుగా మందుల షాపుకు వెళ్ళి రక్తం పట్టే టానిక్కు కొనుక్కుని, ఇంటిల్లిపాదీ తాగి, కొన్నాళ్ళకు మళ్ళీ మా వరసలో నిలబడ్డారు. మేం కొలవాల్సిందే ఇనుము, వీళ్ళు దాన్ని సీసాలకొద్దీ తాగి వచ్చారు! మా పెద్ద డాక్టరు గారు తల పట్టుకున్నారు. ఇకమీదట ఎవరికీ కారణం చెప్పకూడదని, "ఈసారికి కుదరలేదు" అని పంపేయాలని ఉత్తర్వు వేశారు. జబ్బు కనబడినవాళ్ళకు మాత్రం "ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించుకో" అన్న మాట కలపాలి. అంతకు మించి నోరు మెదపకూడదు.

జులైలో ఆళ్ళగడ్డ వెళ్ళాను. మా దగ్గర ఉండి వెళ్ళినవాళ్ళ రక్తం మరోసారి తీసుకోవాలి. బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నప్పుడు ఓబులమ్మ అనే ఆవిడ వచ్చింది. ఆవిడ అక్కడ ఒక హాస్టల్లో వంటమనిషి. ఎండాకాలం సెలవుల్లో హాస్టలు మూసేస్తే జీతం ఉండదు కనుక ఏప్రిల్‌లో మా దగ్గరికి వచ్చింది. ఆవిడ తోడికోడలిని చేర్చుకుని, ఆవిడను వద్దన్నాం.

"నాకేం రోగముందో చెప్పమ్మా" అంది.

రోగమని ఎవరన్నారని అడిగాను.

"ఎవరనల్ల? రక్తం తీసినారు, ఎక్స్‌రే తీసినారు, వద్దన్యారు. మా తోడికోడల్ని మాత్రం పెట్టుకున్యారు. ఇప్పుడు హాస్టలోళ్ళు నన్ను పొయ్యికాడికి రానీరు. పిల్లోళ్ళకు అంటుకుంటాదంట. నెలాఖరుకు వేరే మనిషిని చూసుకుంటాండారు."

కారణం నాకు తెలుసు. ఇద్దరిదీ ఒకే పొయ్యి అని మా ఇన్వెస్టిగేటరు చెప్పాడు, అందుకే ఒకరిని ఆపాం. ఆవిడ ఒంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఉత్తర్వు అడ్డం వచ్చి, రోగమేమీ లేదని మాత్రం అన్నాను.

"రోగం లేకుంటే మరెందుకు వద్దన్యారు?" అంది ఓబులమ్మ.

నంద్యాల బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. దిగీ దిగగానే డాక్టరు గారి గదికి వెళ్ళి, ఈ మనిషికి ఏ జబ్బూ లేదని ఒక కాగితం రాసిమ్మని అడిగాను. ఆయన వెంటనే కాదనలేదు, ఆలోచించారు. "ఈమెకు రాసిస్తే రేపు అందరూ అడుగుతారు సిస్టర్. జబ్బున్నవాడికి ఏం రాయమంటారు? కాగితం లేనివాడే రోగి అని ఊరంతా తేల్చేయదా?" అన్నారు. ఆయన మొండిమనిషే గానీ తెలివితక్కువ మనిషి కాదు. ఆ మాట నిజమే, నిజమైనందుకే ఒళ్ళు మండింది.

ఆ వారమంతా చేస్తున్న పని మీద మనసు నిలవలేదు. చేయి తిరిగినదాన్ని, రక్తం తీస్తూ నరం తప్పాను. అన్నం ముందు కూర్చున్నా హాస్టల్లో ఈపాటికి కొత్త మనిషి చేరిందేమోనన్న ఆలోచనే. నెలాఖరు దగ్గరపడుతోంది. చివరికి మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. కాగితాలు వద్దు, ఆళ్ళగడ్డ వైపు కాదన్నవాళ్ళందరినీ పిలుద్దాం, ఒక్కొక్కరినే గదిలోకి తీసుకెళ్ళి ఎవరి కారణం వాళ్ళకు చెబుదాం అన్నాను. జబ్బున్నవాళ్ళనూ లేనివాళ్ళనూ లోపల తలా పది నిమిషాలు కూర్చోబెడితే బయటివాళ్ళకు తేడా తెలియదన్నాను. మళ్ళీ టానిక్కు తాగి వస్తే ఏం చేస్తారని ఆయన అడిగారు. ఒకసారి కాదన్నవాళ్ళను ఇక తీసుకోబోమని ముందే చెప్పేద్దాం అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, అయితే తానే వచ్చి చెబుతానన్నారు. అంత నేను ఆశించలేదు.

ఆదివారం అదే బడిలో కూర్చున్నాం. హాస్టలు వార్డెనుకు కూడా నేనే కబురు పెట్టాను, ఆయన వచ్చి వరండా చివర నిలబడ్డాడు. ఓబులమ్మ వంతు వచ్చింది. ఒకే పొయ్యి నుంచి ఇద్దరిని తీసుకోకూడదన్న నియమాన్ని డాక్టరు గారు వివరించారు.

"ఒకే పొయ్యి యాడిది సారూ? మేం వేరుపడి రెండేండ్లాయ" అంది.

మరి ఇంటికి వచ్చి అడిగితే అందరిదీ ఒకటేనన్నారట కదా అన్నాను.

"మా మామ అరుగు మీద కూచోనుండె. ఆయన ముందర, బయటి మనిషితో, వేరుపడినామని యెట్ల చెప్తామమ్మా?"

డాక్టరు గారూ నేనూ ముఖాలు చూసుకున్నాం. ఇల్లు ఒకటే, పెద్దాయన ఒకడే, పొయ్యిలు మాత్రం రెండు. కొడుకులు విడిపోయారన్న మాట పరాయివాళ్ళ ముందు తండ్రి చెవిన పడనీయకపోవడం ఆ ఇళ్ళలో మర్యాద. మేం అడగాల్సిందే అడిగాం, అడగకూడని చోట అడిగాం.

ఇంటి సంగతి బయట చెప్పనవసరం లేదు, రోగం లేదని చెప్పు చాలు అన్నాను. "అట్ల చెప్తే ఎవరు నమ్ముతారు" అని ఆవిడ కొంగు దోపుకుని వరండాలోకి వెళ్ళింది. వార్డెనుకే కాదు, అందరికీ వినబడేలా చెప్పింది: "మా ఇంట్లో రెండు పొయ్యిలు. ఒకటే అనుకోని నన్ను వద్దన్యారు. నాకు యే రోగమూ ల్యా." వార్డెను తల వంచుకున్నాడు.

తర్వాత లోపలికి వచ్చింది మద్దిలేటి, బండల గనిలో పనిచేసే మనిషి. ఎక్స్‌రేలో ఆయన ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. ఏప్రిల్‌లోనే పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాం. ఎందుకో చెప్పలేదు, ఆయన వెళ్ళలేదు. డాక్టరు గారు ఈసారి క్షయ అన్న మాట దాచకుండా వాడారు. నయమవుతుంది గానీ సూదులు మధ్యలో మానకూడదని, ఇంట్లోవాళ్ళనూ పరీక్ష చేయించాలని చెప్పారు. మద్దిలేటి మంచినీళ్ళడిగి తాగాడు. పది నిమిషాలు కాగానే లేచాడు.

గడప దాటగానే ఎవరో "నీకేందప్పా?" అని అడిగారు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నాదీ పొయ్యి సంగతేలే" అన్నాడు.

ఆయన కూడా అన్నదమ్ములతో ఒకే ఇంట్లో ఉంటాడు, ఎవరికీ అనుమానం రాలేదు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. డాక్టరు గారు తర్వాతి మనిషిని పిలవమన్నారు.

ఓబులమ్మ మర్నాడే హాస్టలు వంటలోకి వెళ్ళింది. మామ మాత్రం కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడలేదని తోడికోడలు చెప్పింది. మద్దిలేటి తన భార్యకు తానే నిజం చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని నంద్యాలకు వచ్చాడు. ఆమెకు ఏమీ లేదని తేలింది. ఆయన సూదులు పూర్తి చేశాడు. ఊళ్ళో మాత్రం బండల బేరానికి వెళ్తున్నానని చెప్పేవాడట.

ఆ తర్వాత పనిచేసిన ప్రతి అధ్యయనంలో, ఎవరిని తీసుకుంటామన్న దానికంటే కాదన్నవాళ్ళకు ఎలా చెబుతామన్నది ముందు తేల్చుకునేదాన్ని. కారణం చెప్పకుండా పంపితే ఊరే ఒక కారణం అంటగడుతుంది. చెప్పడం వరకే మా పని. దాన్ని నలుగురిలో చాటుకోవాలో, దాచుకుని ఇంకొకటి చెప్పుకోవాలో ఆ మనిషి ఇష్టం.