అమ్మ చీర మీద చుక్కలు

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. మా పక్కింటి అక్క సినిమా బట్టలకు ఇంట్లోనే రంగులు వేసేది. ఆమె వేళ్ళు ఒకరోజు నీలం, ఒకరోజు ఆకుపచ్చ. ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటుంటే నాకు నవ్వొచ్చేది.

అప్పటికి అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమెది పసుప్పచ్చ మీద తెల్లచుక్కల బాందినీ చీర ఒక్కటే మిగిలింది, అదీ ఉతికి ఉతికి వెలిసిపోయింది. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వస్తే వేసేద్దామన్నాడు నాన్న. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. చీర కొత్తదానిలా కనిపిస్తే ఇవ్వడు కదా అనుకున్నాను. తొమ్మిదేళ్ళ బుర్రకు అంతకంటే ఏం తోస్తుంది?

అక్క నల్లా దగ్గరికి వెళ్ళిన సమయం చూసి, పొయ్యి మీద మరుగుతున్న ఎర్రరంగులో చీర మొత్తం ముంచేశాను. కర్రతో పైకి తీస్తే అంతా ఒకటే ఎరుపు. తెల్లచుక్కలు ఒక్కటీ లేవు. చుక్క చుక్కకీ దారంతో ముడి వేస్తేనే అక్కడ రంగు ఎక్కదని నాకేం తెలుసు?

తిడుతుందనుకున్నాను. అక్క బిందె దించి నా పక్కన కూర్చుంది. "తెలుపు ఇగ రాదమ్మా. ముడులు కట్టి మెరూన్‌ల ముంచుదాం, ఎర్రచుక్కలన్న వస్తయి," అంది. దారపుండ అందుకుని అడిగింది: "అమ్మ చీరల చుక్కలు ఎట్లుండె? గుండ్రంగనా, వరసగనా? నువ్వు చెప్పు, గట్లనే కడదాం."

నాకు గుర్తు రాలేదు. ఏడాదిగా తలకింద పెట్టుకుని పడుకున్న చీర. ఆ కొంగు పట్టుకునే నడక నేర్చాను. అయినా గుర్తు రాలేదు. అమ్మ పోయిన రోజు కూడా నేనంత ఏడవలేదు. అక్క నాలుగు ముడులు తను వేసి చూపించి, కొంగంతా నా చేతే కట్టించింది.

మెరూన్‌లో ముంచి, మర్నాడు ముడులు విప్పితే ఎర్రచుక్కలు వంకరటింకరగా తేలాయి. నాన్న ఆ కొంగును చాలాసేపు తడుముతూ కూర్చున్నాడు. గిన్నెల మాట మళ్ళీ ఎత్తలేదు. పాతచుక్కలు ఎలా ఉండేవని అడిగితే ఆయనకీ తెలియలేదు.

అప్పటి నుంచి నాకో అలవాటు. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్తున్నా వాళ్ళ చొక్కా గీతలు, చీర అంచులు తేరిపార చూస్తాను. "ఏంటమ్మా ఆ చూపు?" అని పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ. యాభై దాటాను, మా అమ్మ చీర మీద చుక్కలు ఎలా ఉండేవో నాకింకా గుర్తు రాలేదు.